బెజవాడలో రాత్రి పదకొండు

హైదరాబాద్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేశాను. అర్ధరాత్రయినా గచ్చిబౌలి, మాదాపూర్ రోడ్లు వెలిగిపోతుంటాయి. రంజాన్ నెలలో చార్మినార్ దగ్గర బజారంటే నాకు ఇప్పటికీ ప్రాణం. కానీ రాత్రి క్యాబ్ ఎక్కగానే అక్కకి లొకేషన్ పంపించి, రూమ్ తాళం తీసేదాకా ఒకటే టెన్షన్.

నిన్న రాత్రి ఇక్కడ అక్కా నేనూ స్కూటీ మీద బయల్దేరాం. బందరు రోడ్డులో చాలా షాపులు అప్పటికే షట్టర్లు దించేశాయి. ఒక బండి దగ్గర మాత్రం బాబాయి ఆఖరి వాయి పునుగులు తీస్తున్నాడు. గరిటెలో ఇంకా చిటపటమంటున్నాయి. కాగితంలో పోసి, అల్లం పచ్చడి వేసి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయలు చల్లాడు. "పిండి అయిపోయిందమ్మా, ఇవి కూడా మీరే తినేయండి" అంటూ ఇంకో నాలుగు వేశాడు. నోరు కాలుతున్నా ఆగలేదు మేం.

తర్వాత ప్రకాశం బ్యారేజీ మీద కాసేపు నిలబడ్డాం. 1957లో కట్టిన వంతెన, కింద కృష్ణమ్మ, అటు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడి దీపాలు. పక్కనే ఒక కుటుంబం, పిల్లాడు నాన్న భుజం మీద నిద్రపోతున్నాడు. ఎవరూ మా వంక తేరిపార చూడలేదు.

పదకొండు దాటాక కూర్చుని టీ తాగే చోటు, ఒక పాటల కార్యక్రమం మా ఊళ్లో కూడా ఉండాలని నాకు గట్టిగా ఉంది. అప్పుడు మన పిల్లలు వాటికోసం హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు.

అంతలో అమ్మ ఫోన్. "గేటు తాళం వెయ్యలేదు, నెమ్మదిగా రండి."