పారిపోయాడా, తప్పించుకున్నాడా, తలదాచుకున్నాడా?

మన మాటల్లో 'ఎస్కేప్' ఒక్కటి ఉంటే చాలు. జైలు గోడ దూకినవాడూ ఎస్కేప్ అయ్యాడు, పని చెప్పగానే జారుకున్న పిల్లాడూ ఎస్కేప్ అయ్యాడు. మాట్లాడుకోవడానికి ఇబ్బంది లేదు గానీ, ఇంగ్లిష్‌లో వార్త రాయాలన్నా, అనువాదం చేయాలన్నా ఇది చాలదు. పారిపోవడానికి, తప్పించుకోవడానికి ఇంగ్లిష్‌లో ఉన్న మాటల్లో చాలావాటి లోపల ఒక తీర్పు దాగి ఉంటుంది. వెళ్లిపోయిన మనిషి ఆపదలో ఉన్నాడా, తప్పు చేశాడా అన్నది క్రియాపదమే చెప్పేస్తుంది.

'ఫ్లీ' అంటే ప్రమాదం నుంచి పారిపోవడం. భూతకాలంలో 'ఫ్లెడ్'. ఎగరడానికి వాడే 'ఫ్లూ'తో కలపకండి. 1959లో దలైలామా టిబెట్ విడిచి మన దేశానికి వచ్చారు; 'ఫ్లెడ్ టిబెట్' అంటే అందులో నింద లేదు. 'ఫ్లీ' పరుగు గురించి చెబుతుంది, 'ఎస్కేప్' బయటపడటం గురించి. ఇక్కడే ఒక చిక్కుంది. 'ఎస్కేప్డ్ ఫ్రమ్ జైల్' అంటే జైల్లోంచి పారిపోయాడని. 'ఫ్రమ్' తీసేసి 'ఎస్కేప్డ్ జైల్' అంటే, పత్రికల్లో ఎక్కువగా, జైలుశిక్ష పడకుండా బయటపడ్డాడని. ఒక్క విభక్తి పోతే నేరమే మారిపోతుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా వాడాల్సింది 'అబ్‌స్కాండ్'. మన పత్రికల 'పరారీలో ఉన్నాడు'కు ఇదే మాట. చట్టంలో దీనికి కచ్చితమైన చోటుంది: బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 84వ సెక్షన్, దానికి ముందున్న పాత నేరవిచారణ స్మృతి సీఆర్‌పీసీలో 82. వారంట్ జారీ అయ్యాక, అది అమలు కాకుండా మనిషి పారిపోయాడనో దాక్కున్నాడనో నమ్మడానికి కోర్టుకు కారణం ఉంటే, కనీసం 30 రోజుల గడువిచ్చి హాజరు కమ్మని ప్రకటన ఇస్తుంది. అలాంటిది, పోలీసులు వెళ్లినప్పుడు ఇంట్లో లేడని ఎవరినైనా 'అబ్‌స్కాండింగ్' అనేయడం అన్యాయం. 'పోలీసులు వెతుకుతున్నారు' అని రాస్తే సరిపోతుంది. నోటీసు ఇవ్వకుండా ఉద్యోగం మానేసినవాళ్లకూ కంపెనీలు ఇదే ముద్ర వేస్తున్నాయి. ఆ మాటకున్న బరువు తెలిసినవాళ్లు చేయాల్సిన పని కాదది.

పన్నుల దగ్గర గీత మరీ స్పష్టం. చట్టం ఇచ్చిన మినహాయింపులు వాడుకుని పన్ను తగ్గించుకుంటే 'అవాయిడెన్స్'. ఆదాయం దాచి ఎగ్గొడితే 'ఎవేజన్', అది నేరం. ఇక వ్యాకరణం: 'అవాయిడ్' తర్వాత 'టు' రాదు. 'అవాయిడెడ్ గోయింగ్' అనాలి, 'అవాయిడెడ్ టు గో' తప్పు. పని, బాధ్యత తప్పించుకుంటే 'షర్క్', మనుషులను దూరం పెడితే 'షన్'. పేరు నాలుక చివరే ఉండి గుర్తురాకపోతే 'ఎల్యూడ్'.

పారిపోయినవాళ్లు ఎక్కడో చేరాలి కదా. 'రెఫ్యూజీ'కి 1951 ఐక్యరాజ్యసమితి ఒడంబడిక నిర్వచనం ఇచ్చింది: జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గంలో సభ్యత్వం, రాజకీయ అభిప్రాయం, వీటిలో దేనివల్లనైనా హింసకు గురవుతానన్న సహేతుకమైన భయంతో సొంత దేశం బయట ఉన్న మనిషి. ఆ గుర్తింపు కోసం అర్జీ పెట్టుకుని ఎదురుచూస్తుంటే 'అసైలం సీకర్'. భారత్ ఆ ఒడంబడికపై సంతకం చేయలేదు. సొంత దేశంలోనే ఊరు వదిలినవాళ్లు 'డిస్‌ప్లేస్డ్'. కాబట్టి పోలవరం నిర్వాసితులను 'రెఫ్యూజీస్' అని అనువదించకూడదు. తెలుగులో మనకున్న 'కాందిశీకుడు' నాకు చాలా ఇష్టమైన మాట. 'ఏ దిక్కుకు పోవాలి' అన్న ప్రశ్నే సంస్కృతంలో ఆ పదానికి మూలం.

ఒకే మనిషికి రెండు మాటలు ఎలా అంటుకుంటాయో వికీలీక్స్ స్థాపకుడు జూలియన్ అసాంజ్ విషయంలో చూడొచ్చు. 2012లో లండన్‌లోని ఈక్వడార్ రాయబార కార్యాలయంలోకి వెళ్లారు. ఈక్వడార్ 'గ్రాంటెడ్ అసైలం', అంటే ఆశ్రయం ఇచ్చాం, అంది. బ్రిటిష్ కోర్టు దృష్టిలో అది 'జంప్డ్ బెయిల్', అంటే బెయిల్ మీద ఉండి హాజరు కాకుండా తప్పించుకోవడం. 2019లో అరెస్టయ్యాక దానికే 50 వారాల శిక్ష వేసింది. అలాంటి వార్త రాసేటప్పుడు ఏ మాట ఎవరిదో చెప్పి రాయాలి.

'అసైలం' ఇచ్చేది ప్రభుత్వాలే. వానకు అరుగు మీద నిలబడితే 'టుక్ షెల్టర్', అంతే. పన్ను తక్కువగా ఉండే దేశాన్ని అనే 'టాక్స్ హేవెన్'లో రెండోది రేవు, స్వర్గం కాదు; 'హెవెన్' అని రాయకండి. చోటిచ్చినవాళ్ల విషయంలోనూ తేడా ఉంది. తుపాను బాధితులకు ఇస్తే 'గేవ్ షెల్టర్'. నేరస్థుడని తెలిసి, శిక్ష నుంచి కాపాడాలని దాచిపెడితే 'హార్బర్డ్', అది నేరం: పాత శిక్షాస్మృతి ఐపీసీలో 212, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లో 249. అయితే భర్తను భార్య గానీ, భార్యను భర్త గానీ దాచిపెడితే ఈ సెక్షన్ వర్తించదు. కాబట్టి భర్తను ఇంట్లో దాచిన భార్య మీద 'హార్బరింగ్' నేరం మోపుతూ వార్త రాసే ముందు ఆ మినహాయింపు చూసుకోండి.