చెరకు పిప్పి గిన్నె, స్పెసిఫికేషన్‌లో నేను రాయని పేజీ

చెన్నై అంబత్తూరులో మాకు చిన్న షెడ్డు ఉంది. చెరకు పిప్పి గుజ్జుతో గిన్నెలు చేస్తాం. మాది అనకాపల్లి. బెల్లం వండే రోజుల్లో పిప్పిని ఎండబెట్టి పొయ్యిలోకి తోయడం చూస్తూ పెరిగాను. ఆ పిప్పే ఇప్పుడు మాకు అన్నం పెడుతోంది. గుజ్జులో పీఎల్ఏ రెజిన్ (మొక్కల పిండి పదార్థం, చక్కెరల నుంచి తీసే ప్లాస్టిక్ లాంటిది) పొడి కలిపి వేడి ప్రెస్సులో నొక్కితే, సాంబారు పోసినా అడుగు నానని గిన్నె వస్తుంది. దీనికి పేటెంట్ కోసం 2021లో ప్రొవిజినల్, అంటే తొలి అప్లికేషన్, వేశాను. ఏడాది లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే పూర్తి వివరాల పత్రం, కూడా వేశాను. ఏజెంట్‌ని పెట్టుకోలేదు. వ్యక్తిగా సొంత పేరున వేసేవాళ్ళకి ఆన్‌లైన్‌లో ఫైలింగ్ ఫీజు 1,600 రూపాయలే కదా, నేనే రాసుకోగలననుకున్నాను.

2024లో ఎఫ్ఈఆర్ వచ్చింది. పేటెంట్ ఆఫీసు మన అప్లికేషన్‌ని పరిశీలించి పంపే మొదటి అభ్యంతరాల నివేదిక అది. చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

నా మొదటి క్లెయిమ్, అంటే ఫలానాదాని మీద హక్కు కావాలని అడిగే వాక్యం, ఇలా ఉండేది: వ్యవసాయ వ్యర్థాల గుజ్జు 80 నుంచి 95 శాతం, బయోడిగ్రేడబుల్ రెజిన్ 5 నుంచి 20 శాతం ఉన్న అచ్చు గిన్నె. ఎంత వెడల్పుగా రాస్తే అంత రక్షణ దొరుకుతుందని నమ్మాను. ఎగ్జామినర్ రెండు పాత పత్రాలు చూపించారు. ఒకదాంట్లో గుజ్జులో మామూలు ప్లాస్టిక్ కలిపి అచ్చు పోశారు. రెండోదాంట్లో నారతో పీఎల్ఏ కలిపారు. ఆ రెంటినీ పక్కపక్కన పెడితే ఈ రంగం తెలిసిన ఎవరికైనా నా గిన్నె ఆలోచన తట్టేదే అన్నారు. దానికి తోడు పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(ఈ). ఉత్తినే రెండు పదార్థాలు కలిపితే, వాటి వాటి గుణాలు పక్కపక్కన చేరడం తప్ప ఇంకేమీ జరగకపోతే, అలాంటి పదార్థాన్ని చట్టం ఇన్వెన్షన్‌గా లెక్కపెట్టదు.

అప్పుడు గిండీలో ఒక పేటెంట్ ఏజెంట్ గారి దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన, నెల్లూరు మనిషి. నా కాగితాలన్నీ చదివి, గిన్నెని చేతిలో తిప్పి చూసి అడిగారు. "అమ్మా, ఒట్టి పిప్పి గుజ్జు గిన్నె ఎంత నీళ్ళు పీలుస్తుంది? ఒట్టి రెజిన్ గిన్నెలో వేడి సాంబారు పోస్తే ఏమవుతుంది? రెండూ కలిసిన దాంట్లో ఏమవుతుంది? ఈ మూడూ కొలిచి ఎక్కడ రాశావు?"

ఎక్కడా రాయలేదు.

"పర్యావరణానికి మంచిది" అని మాత్రం నాలుగు చోట్ల రాశాను. ఆ మాట పేటెంట్‌కి బలం ఇవ్వదని ఆయన చెప్పేదాకా నాకు తట్టలేదు. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచే ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులూ ప్లేట్లూ నిషేధం. ప్లాస్టిక్ తీసేసి దాని చోట మట్టిలో కలిసే రెజిన్ పెట్టాలన్న ఆలోచన అప్పటికే ఈ పనిలో ఉన్న ప్రతివాడి బుర్రలోనూ ఉంది. అందరికీ ఉన్న కోరిక నా ఒక్కదాని ఇన్వెన్షన్ కాదు. అది తీర్చడానికి నేను కనిపెట్టిన దారి ఏదైనా ఉంటే, అదే ఇన్వెన్షన్.

ఆయన ఒక పాత తీర్పు గురించి కూడా చెప్పారు. మీర్జాపూర్‌లో పాత్రలు చేసే వాళ్ళ మధ్య వచ్చిన తగాదా అది. తరిమెన (లేత్) పట్టేటప్పుడు పాత్ర కదలకుండా పట్టుకునే ఏర్పాటు మీద పేటెంట్. 1978 డిసెంబరులో సుప్రీంకోర్టు అందులో కొత్త ఆలోచన లేదని, వర్క్‌షాపులో పనివాడు మామూలుగా చేసుకునే మార్పులాంటిదేనని తేల్చింది. మన దేశంలో ఇన్వెంటివ్ స్టెప్, అంటే ఆ రంగం తెలిసినవాళ్ళకి ఇట్టే తట్టని కొత్త అడుగు, అన్న మాట వస్తే ఇప్పటికీ ఆ తీర్పునే ఎత్తుతారు. గిన్నెలు చేసుకునే నాకు అది దూరపు సంగతిలా అనిపించలేదు.

నిజానికి చెప్పుకోదగ్గ దారి మా దగ్గర ఉంది. అది నేను రాయలేదు.

మా అచ్చు జల్లెడలా ఉంటుంది. దాన్ని పలచటి గుజ్జు నీళ్ళలో ముంచి వెనక నుంచి వాక్యూమ్ లాగితే నీళ్ళు పోయి పీచు జల్లెడ మీద పొరలా నిలుస్తుంది. రెజిన్ పొడిని ముందే గుజ్జులో కలిపేస్తే సగం పొడి ఆ నీళ్ళతోనే జల్లెడ కన్నాల్లోంచి పోతుంది. కింద తొట్టిలో తెల్లగా తేరుకున్న పొడిని చూసినప్పుడల్లా పోతున్న డబ్బే కనిపించేది. అందుకని ముందు ఒట్టి గుజ్జులో ముంచి పల్చటి పొర కట్టనిచ్చి, తర్వాత రెజిన్ కలిపిన రెండో తొట్టిలో ముంచి చూశాం. మొదటి పీచు పొరే వడకట్టే గుడ్డలా పనిచేసింది. పొడి దాన్ని దాటి పోకుండా, కూర తగిలే వైపునే నిలిచింది. ప్రెస్సులో వేడికి కరిగి పీచు సందుల్లోకి దిగింది. సగం రెజిన్‌తోనే ముందుకంటే తక్కువ నీళ్ళు పీల్చే గిన్నె వచ్చింది.

పేటెంట్ అప్లికేషన్ 18 నెలలకి పబ్లిష్ అవుతుందని తెలుసు. పబ్లిష్ అయితే పక్క షెడ్డు వాళ్ళు చదివేస్తారన్న భయంతో ఆ పేజీ తీసేశాను. రహస్యం దాచుకుని పైపైన మిశ్రమానికి మాత్రం హక్కు అడిగాను. కానీ పేటెంట్ అంటేనే ఇచ్చిపుచ్చుకోవడం. నీకు తెలిసిన మంచి పద్ధతిని అందరికీ చెప్పు, దానికి 20 ఏళ్ళు హక్కు తీసుకో. సెక్షన్ 10 అడిగేది అదే. పోనీ ఇప్పుడు చేరుద్దామా అంటే సెక్షన్ 59 ఒప్పుకోదు. మొదట వేసిన స్పెసిఫికేషన్‌లో లేని సంగతిని సవరణ పేరుతో లోపలికి తేవడానికి లేదు. ఎఫ్ఈఆర్‌కి జవాబివ్వడానికి ఆరు నెలలు గడువు. ఏజెంట్ గారితో కూర్చుని అన్ని వైపులా ఆలోచించి, ఆ అప్లికేషన్‌ని వదిలేశాం. మూడేళ్ళ పని. బాధగానే ఉంది.

ఊరట ఒక్కటే. రెండు తొట్ల పద్ధతిలో చేసిన గిన్నెలు ఇంకా షెడ్డు దాటలేదు. అమ్మినవన్నీ పాత పద్ధతివే. అందుకే కొత్త అప్లికేషన్ వేసే వీలుంది. అయితే అప్పటికే పబ్లిష్ అయిపోయింది కాబట్టి, నేను వదిలేసిన ఆ పాత అప్లికేషనే ఇప్పుడు నాకు ఎదురు నిలిచే పత్రం. ఈసారి క్లెయిమ్‌లో శాతాలు ముందు రావు. ఒకవైపు రెజిన్ ఎక్కువగా, రెండోవైపు పీచు ఎక్కువగా ఉన్న గిన్నె గోడ గురించి, దాన్ని తెచ్చే వరుస గురించి రాస్తున్నాం. గిన్నె ఆకారం మీద డిజైన్ రిజిస్ట్రేషన్ కూడా తీసుకోవచ్చు, 10 ఏళ్ళు, ఆపైన ఇంకో 5. కానీ అది కంటికి కనిపించే రూపానికే. నీళ్ళు ఆపే గుణానికి అది కాపలా కాయదు.

మా అమ్మమ్మ అడ్డాకు విస్తళ్ళు కుట్టేది. పుల్లతో ఆకుని ఆకుకి గుచ్చేటప్పుడు నునుపు వైపు పైకి వచ్చేలా చూసుకునేది, పులుసు జారిపోకూడదని. ఈ డ్రాఫ్ట్ రాస్తున్నప్పుడు ఆ చేతులే గుర్తొస్తున్నాయి.

ఇప్పుడు రోజూ సాయంత్రం పని అయ్యాక కొలతలే. ఒట్టి గుజ్జు గిన్నెలు ఐదు, ఒట్టి పీఎల్ఏ గిన్నెలు ఐదు, రెజిన్ గుజ్జంతటా కలిపేసినవి ఐదు, అంతే రెజిన్‌తో రెండు తొట్లవి ఐదు. పొడిగా ఉన్నప్పుడు ఒకసారి తూస్తాను. మరిగి దించిన నీళ్ళు పోసి అరగంట ఆగి, పారబోసి, బ్లాటింగ్ కాగితంతో అద్ది మళ్ళీ తూస్తాను. ఒట్టి పీఎల్ఏ గిన్నెలు నీళ్ళు పీల్చవు కానీ అంచులు వంగిపోతాయి. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది మరి. రెండు తొట్ల గిన్నె వంగదు. పీల్చే నీళ్ళు కూడా, అంతే రెజిన్ కలిపేసిన దానికంటే తక్కువ. ఆ తేడా చూసి ఏజెంట్ గారు మొదటిసారి నవ్వారు. "ఇదీ త్రీ ఈకి జవాబు" అన్నారు.

నిన్న డ్రాఫ్ట్ వెనక్కి పంపారు. మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒకే ప్రశ్న: వరిగడ్డి గుజ్జుతో చేసినా ఇలాగే వస్తుందా? క్లెయిమ్‌లో వ్యవసాయ వ్యర్థాలు అని రాశావు, చూసింది చెరకు పిప్పి ఒక్కటే. ఫోన్ చేసి గడ్డి ఎక్కడ దొరుకుతుందని అడిగితే, వాళ్ళ ఊరి నుంచి ఒక మోపు ఆయనే లారీలో వేయించారు. పొద్దున షెడ్డు ముందు దిగింది. కోసి నానబెట్టాం, రేపు ఉడకబెట్టాలి.