ఎనిమిది పోర్టులూ లేచాయి

లినక్స్ కంప్యూటర్ బూట్ లాగ్‌లో (మొదలయ్యేటప్పుడు అది రాసుకునే చిట్టా) ఆ ఒక్క లైను దగ్గర ఆగిపోయాను: "సీరియల్: 8250/16550 డ్రైవర్, 4 పోర్ట్స్".

నాలుగా? లోపల ఉన్నది ఎనిమిది సీరియల్ పోర్టుల (పరికరాలను వైరుతో కలిపే పాతకాలపు పోర్టులు) కార్డు కదా! ఎల్ఎస్‌పీసీఐలో (లోపలి కార్డుల జాబితా చూపే కమాండ్) కార్డు చక్కగా కనిపిస్తోంది, కేబుళ్లన్నీ బాగానే ఉన్నాయి. మదర్‌బోర్డు పోర్టు ఒకటి పోగా కార్డులో మూడే పలుకుతున్నాయి. మిగతావాటికి "రిజిస్టర్ చేయలేకపోయాను, ఎర్రర్ -28" అని వరసగా పడి ఉంది. లినక్స్‌లో -28 అంటే చోటు లేదని. పొద్దుట్నుంచీ ఉన్న టెన్షన్ అక్కడే సగం తగ్గిపోయింది.

తయారీదారు డ్రైవర్ కోసం వెతకాల్సిన పనే లేదు. లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లో ఉన్న 8250 డ్రైవర్‌కి ఈ కార్డు తెలుసు. కాకపోతే ఎన్ని పోర్టులకు చోటు ఉంచాలో మనం చెప్పాలి. లినక్స్‌ని మొదలుపెట్టే గ్రబ్ అనే ప్రోగ్రామ్‌లో, కెర్నల్ కమాండ్ లైన్‌లో 8250.ఎన్ఆర్_యూఆర్ట్స్=16 అని చేర్చి, గ్రబ్ అప్‌డేట్ చేసి రీబూట్ చేశాను. ఎనిమిదీ లేచాయి!

ఒక్కో కనెక్టర్‌లో 2, 3 పిన్నులు (ఒకటి పంపేది, ఒకటి అందుకునేది) కలిపి, టైప్ చేసిన అక్షరం తిరిగి వస్తోందా అని చూశాను. ప్రతి పోర్టూ జవాబిచ్చింది. ఈ పరీక్ష మాత్రం ఎవరూ వదిలేయొద్దు. పోర్టు పేరు కనిపించినంత మాత్రాన వైరు పనిచేస్తున్నట్టు కాదు.

ఇంత పాత డ్రైవర్ని ఇప్పటికీ ఓపిగ్గా చూసుకుంటున్నవాళ్లంటే నాకు నిజంగా గౌరవం. ఎర్రర్ నంబరు సహా అన్నీ లాగ్‌లోనే రాసిపెట్టారు.

రేపు యూడెవ్ రూల్స్ (లినక్స్‌లో పరికరాలకు పేర్లు పెట్టే నియమాలు) రాయాలి, కార్డు స్లాట్ మారినా పేర్లు తారుమారు కాకుండా.