కాగ్నిటివ్ న్యూరోసైన్స్ మైనర్: నా అనుభవం

నిన్న గ్రేడ్లు వచ్చాయి, కాగ్నిటివ్ న్యూరోసైన్స్ (మెదడు ఎలా ఆలోచిస్తుందో చదివే శాస్త్రం) మైనర్ గట్టెక్కింది. బీటెక్‌తో పాటు ఇది తీసుకుందామనుకునే జూనియర్ల కోసం, కోపం చల్లారకముందే రాస్తున్నా.

డిగ్రీకి కావాల్సిన 160 క్రెడిట్ల మీద ఇంకో 18 నుంచి 20 చేయాలి. మెదడు నిర్మాణం, జ్ఞాపకశక్తి, స్టాటిస్టిక్స్ చదివితే వచ్చేస్తాయి. కొన్ని క్రెడిట్లు ‘స్వయం’ (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక) కోర్సులతో తెచ్చుకోవచ్చు. కాకపోతే ఎన్‌రోల్ అయ్యే ముందే హెచ్‌ఓడీ సంతకం పెట్టించుకోండి. కోర్సు అయ్యాక సర్టిఫికెట్ పట్టుకుని వెళ్తే మా ఎగ్జామ్ బ్రాంచ్‌లో తలెత్తి చూసేవాళ్లే లేరు.

అసలు గండం ఈఈజీ ల్యాబ్, అంటే తలకి ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ సంకేతాలను రికార్డు చేసే ప్రాక్టికల్. అందరికీ ఇచ్చేది ఆడ్‌బాల్ ప్రయోగమే, అంటే మామూలు బీప్‌ల మధ్య అరుదుగా వేరే బీప్ వినిపించి మెదడు స్పందన చూడటం. 1000 హెర్ట్జ్ బీప్ నూటికి 80 సార్లు, 2000 హెర్ట్జ్ బీప్ 20 సార్లు వినిపించాలి. అరుదైన బీప్ తర్వాత దాదాపు 300 మిల్లీసెకన్లకు, పీజెడ్ (నడినెత్తికి కాస్త వెనక ఉండే ఎలక్ట్రోడ్) దగ్గర పీ300 అనే అల లేస్తుంది. మొత్తం 250 బీప్‌లన్నా పెట్టండి. అందులో అరుదైనవి 50, కనురెప్పల దెబ్బకు కొన్ని ఎలాగూ పోతాయి.

ఎలక్ట్రోడ్ల క్యాప్ పెట్టేటప్పుడు ముక్కు మొదట్లోని పల్లం నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా టేపుతో కొలవాలి. 36 సెంటీమీటర్లు వస్తే 18 దగ్గర సీజెడ్, అంటే నడినెత్తి ఎలక్ట్రోడ్. ఈ చెవి నుంచి ఆ చెవికి కొలిచినా సగం అక్కడే పడాలి, లేదంటే క్యాప్ పక్కకి జరిగినట్టే. పార్టిసిపెంట్‌ని తలంటుకుని, కొబ్బరినూనె రాసుకోకుండా రమ్మనండి. నూనె ఉంటే ఎంత జెల్ పెట్టినా ఇంపిడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య కరెంటుకి అడ్డు) 5 కిలోఓమ్‌ల కిందికి దిగి చావదు. ముందు జుట్టు పాయ తీసి, కాటన్ బడ్‌తో చర్మం రుద్ది, ఆ తర్వాతే జెల్. ఎక్కువైతే పక్క ఎలక్ట్రోడ్‌కి పాకి రెండూ ఒకే సిగ్నల్ చూపిస్తాయి. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేయండి, కరెంటు లైన్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద తగ్గుతుంది. ఏసీ మాత్రం ఆపకండి. చెమట పడితే గీతలు మెల్లగా పైకీ కిందికీ తేలిపోతాయి.

మా బ్యాచ్ మొత్తానికి మొట్టికాయలు పడింది ఫిల్టర్ దగ్గర. హ్యాండౌట్‌లో హై-పాస్ (చెప్పిన హద్దు కన్నా నెమ్మదైన అలలను తీసేసే ఫిల్టర్) 1 హెర్ట్జ్ అని ఉంది, అందరూ అదే పెట్టారు. అందరి పీ300 చచ్చుబడిపోయింది. వైవాలో మా సార్ “మీ పార్టిసిపెంట్ నిద్రపోయాడా?” అని అందరి ముందూ నవ్వారు. ఆ హ్యాండౌట్ రాసింది ఆయనే! పీ300 నెమ్మదిగా సాగే అల. 1 హెర్ట్జ్ పెడితే దాన్ని కోసేయడమే కాక, దాని ముందు లేని పల్లాన్ని కూడా పుట్టించగలదు. కానీ సిగ్నల్ నుంచి రెప్పపాట్లను విడదీసే ఐసీఏ అనే లెక్కకి 1 హెర్ట్జే నయం. కాబట్టి డేటాకి కాపీ తీసి, దాని మీద 1 హెర్ట్జ్ పెట్టి ఐసీఏ నడపండి. పాడైన ఛానెళ్లను అంతకుముందే తీసేయాలి. వచ్చిన వెయిట్లను (విడదీయడానికి ఐసీఏ ఇచ్చిన అంకెలను) 0.1 హెర్ట్జ్‌తో ఫిల్టర్ చేసిన అసలు డేటాకి అంటించి, రెప్పపాటు కాంపొనెంట్లను తీసేయండి. ఆ తర్వాత బీప్‌కి 200 మిల్లీసెకన్ల ముందు నుంచి 800 తర్వాత దాకా ముక్కలు కోసి, ముందున్న 200 సగటును సున్నాగా తీసుకుని బేస్‌లైన్ సరిచేయండి. ప్లస్ మైనస్ 100 మైక్రోవోల్టులు దాటిన ముక్కలు పారేయండి. సాఫ్ట్‌వేర్ ఈఈజీల్యాబ్ అయినా ఎంఎన్‌ఈ పైథాన్ అయినా ఇదే వరస.

రెండు ఫిల్టర్ల గ్రాఫులూ ఒకే కాగితం మీద ప్రింట్ తీసి వైవాకి పట్టుకెళ్లండి. రీవాల్యుయేషన్‌లో నాకు మార్కులు కలిపించింది ఆ కాగితమే. హ్యాండౌట్ మాత్రం ఇంకా మార్చలేదట.