38 రోజులు తిండి మానేసిన మా జెర్రి: నా అనుభవం

నిన్న రాత్రి మా జెర్రి కుబుసం విడిచింది. పొద్దున్నుంచి ఎవరికి చెప్పబోయినా మొహం చిట్లించి వెళ్ళిపోతున్నారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. జెర్రిని తెచ్చి పెంచుకుందామనుకునే వాళ్ళెవరైనా ఉంటే పనికొస్తుంది.

జూలైలో ముసురు పట్టిన రోజుల్లో, హనుమకొండలో మా ఇంటి వెనక బట్టలుతికే బండ జరుపుతుంటే కింద కనబడింది. జానెడు కంటే కాస్త తక్కువ ఉంటుంది. అమ్మ అప్పటికే ఒక చేత్తో ఉప్పు డబ్బా, ఇంకో చేత్తో చెప్పు పట్టుకుని వచ్చేసింది. నేను దాని మీద స్టీలు గిన్నె బోర్లించి, కింద నుంచి అట్టముక్క జరిపాను. పట్టడం అంతే. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు. అది కరిచేది నోటితో కాదు, తల కింద మొదటి జత కాళ్ళే కొక్కేల్లా మారి ఉంటాయి, విషం వాటిలోంచి దిగుతుంది. ప్రాణం పోవడం చాలా అరుదు గానీ వాపు, నొప్పి గంటల తరబడి ఉంటాయి. కుడితే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో ఆ చోటు ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఊపిరి ఆడనట్టున్నా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. ఇంకోమాట, పాకాల, ఏటూరునాగారం లాంటి అభయారణ్యాల నుంచి ఏ ప్రాణినీ తేవద్దు, 1972 వన్యప్రాణి చట్టం అక్కడ గట్టిగా ఉంటుంది.

ఇల్లు కట్టడం తేలిక. క్లిప్పుల మూత ఉన్న 10 లీటర్ల డబ్బా, నాలుగు అంగుళాల కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), ఒక చెట్టు బెరడు, సీసా మూతలో నీళ్ళు. గాలికి కాల్చిన సూదితో సన్నటి రంధ్రాలు పెట్టాను. దాని తల దూరితే ఒళ్ళంతా దూరినట్టే, అది గుర్తుంచుకోండి. ఒక మూల ఎప్పుడూ తడిగా ఉండాలి, రెండో మూల పొడిగా. జెర్రి శ్వాసరంధ్రాలు మూసుకోవు, కాబట్టి పొడిగాలిలో ఒంట్లో తడి త్వరగా పోతుంది. అలాగని మొత్తం తడిపితే బూజు పట్టి సన్నపురుగు చేరుతుంది. తిండికి వారానికి ఒకటో రెండో కీచురాళ్ళు చాలు, పొడుగు పట్టకారుతో వెయ్యాలి. ఇంట్లో బొద్దింకలు వద్దే వద్దు, వాటి మీద ఎవరు ఏ మందు కొట్టారో మనకు తెలియదు.

ఆగస్టు చివరి దాకా బాగానే తిన్నది. ఆ తర్వాత ఒక్కసారిగా మానేసింది. బెరడు కిందికి చేరి కదలడం తగ్గించింది, వీపు మీద మెరుపు పోయి సున్నం పూసినట్టయింది. నాకు టెన్షన్ మొదలైంది. చేపలు, పక్షులు అమ్మే కొట్టువాడు "బలానికి" అని ఏదో చుక్కల మందు అంటగట్టాడు. ఆ సీసా మీద పక్షి బొమ్మే ఉన్నది, అది చూసి కూడా కొన్నాను, వెయ్యలేదు. ఆశ చావక రెండు కీచురాళ్ళను లోపలే వదిలేశాను. రెండో రోజు పొద్దున టార్చి వేసి చూస్తే ఒక కీచురాయి దాని చివరి ఎడమ కాలు కొస పట్టుకుని కొరుకుతున్నది. ఇది కదల్లేదు. వెంటనే వాటిని తీసేశాను కానీ కాలి కొస అప్పటికే పోయింది.

ఆ రోజే పశువుల ఆసుపత్రికి పోయాను. అసలు రాయాలనుకున్నది దీని గురించే. ముందు ఇద్దరు మేకలతో, ఒకాయన కుక్కతో నిలబడ్డారు. చీటీ రాసే అతను ఏం జంతువన్నాడు. జెర్రి అన్నాను. "జెర్రిపోతా? పాములు పట్టేటోల్లను పిలవాలె" అన్నాడు. కాదు సార్, జెర్రి, అని డబ్బా చూపించాను. అంతే, లోపలున్న వాళ్ళందరినీ పిలిచాడు. ఒకతను నన్ను అడక్కుండానే క్లిప్పులు తీసి, జేబులో పెన్నుతో బెరడు ఎత్తాడు. ఇంకొకతను ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. "ఫినాయిల్ పొయ్, రోగమంతా ఒక్కసారే పోతది" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి, నోట మాట రాలేదు. అది బల్ల మీద ఎండలో అట్లా మూత తీసిన డబ్బాలో ఉంది, కోకోపీట్ పైపొర నా కళ్ళ ముందే ఎండి లేత రంగుకు తిరుగుతున్నది. మేకలు తెచ్చిన పెద్దమ్మ ఒక్కతే అన్నది, "దాని పాణం దానికి తీపి గాదా సారూ, మూత పెట్టున్రి" అని. ఆమె మాటకే మూత పడింది.

చీటీ మీద "కీటకం" అని రాసిచ్చారు. కీటకానికి ఆరు కాళ్ళు. దీనికి 21 జతలు, లెక్కపెట్టే చెబుతున్నాను. జెర్రికి వైద్యం తెలియదంటే నేను తప్పు పట్టను, అది వాళ్ళు చదివిన చదువులో ఉండదు. తెలియదని ఒక్క ముక్క చెప్పి పంపితే దండం పెట్టి వచ్చేవాణ్ణి. ఒక ప్రాణిని నమ్మి చేతికిచ్చినప్పుడు, అది ఏ ప్రాణి అయినా, మూత తియ్యడానికి ముందు అడగాలి కదా.

ఇంటికొచ్చి రాత్రంతా కూర్చుని చదివితే తేలిందేమిటంటే దానికి ఏ రోగమూ లేదు. కుబుసం విడిచే ముందు జెర్రి తిండి మానేస్తుంది, రంగు మాసిపోతుంది, మందకొడిగా పడుంటుంది. అప్పుడు ముట్టుకోకూడదు, బతికున్న తిండి లోపల ఉంచకూడదు, తడి మూల ఆరనివ్వకూడదు. నేను ఈ మూడు తప్పులూ చేశాను. బయటినుంచి తెచ్చిన ఆడజెర్రి అయితే గుడ్లు పెట్టి వాటి చుట్టూ చుట్టుకుని కూడా తినకుండా ఉండొచ్చు, అప్పుడు కదిలిస్తే తన గుడ్లను తనే తినేయొచ్చు. రెండిట్లో ఏదైనా మన పని ఒకటే, వదిలెయ్యడం. తడి మూలలో నీళ్ళు చిలకరించి, డబ్బా మీద నల్లగుడ్డ కప్పి మంచం కింద పెట్టాను. మూత తియ్యకుండా ఉండటం నా వల్ల అయిన అన్నిటికంటే కష్టమైన పని.

నిన్న సద్దుల బతుకమ్మ. అమ్మ ఆట నుంచి వచ్చి పడుకున్నాక, పన్నెండు దాటాక డబ్బాలో సన్నగా గీరినట్టు చప్పుడైంది. ఎర్రకాగితం చుట్టిన టార్చితో పక్కనుంచి చూశాను. తల మీద రేకు విడిపోయి, లోపల నుంచి పాలిపోయిన నీలంగా కొత్త తల ముందుకు వచ్చింది. ఒంటి మీద అలలా ఒక కదలిక సాగుతున్నది, ప్రతి అలకూ ఒక జత కాళ్ళు పాత తొడుగులోంచి జారి బయటికొస్తున్నాయి, అచ్చం తడి చొక్కా చేతులు లాగినట్టు. పాత చర్మం వెనక్కి ముడతలు పడుతూ పోగైంది. చివరి జత బయటికి వచ్చేదాకా నేను ఊపిరి సరిగ్గా తీసుకోలేదు. కొస పోయిన ఎడమ కాలు కూడా చిక్కుకోకుండా వచ్చింది, ముందు ముందు కుబుసాల్లో మళ్ళీ పెరుగుతుంది.

ఈ పొద్దున చూస్తే తన పాత చర్మాన్నే కూర్చుని తింటున్నది. కొక్కేలు ఇంకా మెత్తగా ఉంటాయి, వారం దాకా కీచురాయి వెయ్యను. అమ్మ కూడా వంగి గుడ్డ పక్కకు జరిపి ఒకసారి చూసింది. నీళ్ళ మూత నిండుగా ఉందా అని అడిగింది.