మా ఇంటి గుండుకు తీగలు ఎంచుకున్న అనుభవం

శామీర్‌పేట వైపు మేము కొన్న స్థలంలో మధ్యలో పెద్ద గుండు ఉంది, 12 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు. పగలగొట్టించేద్దాం అన్నాడు మేస్త్రీ. నాకు మనసొప్పలేదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఈ గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటిది, అలాంటిదాన్ని కారు పార్కింగ్ కోసం ముక్కలు చేయించడం ఎందుకు, చుట్టూ తీగలు పెంచుకుందాం అన్నాను.

ఫిబ్రవరిలో నర్సరీకి వెళ్ళి పూలు చూసి నచ్చినవి తెచ్చేశాను. పడమర వైపు సన్నజాజి, ముందు వైపు రాధామనోహరం. రాధామనోహరం బాగానే పెరిగింది కానీ రాయిని పట్టుకోదు, దానికి చుట్టుకోవడానికో వాలడానికో ఏదో ఒకటి ఉండాలి, నున్నటి గుండు మీద ఎంత ఎక్కించినా గాలికి మొత్తం జారి కింద కుప్పగా పడేది. సన్నజాజి సంగతి ఇంకా బాధ. రోహిణి కార్తెలో సాయంత్రం 7 దాటినా గుండు మీద చెయ్యి పెట్టలేకపోయేదాన్ని, అంత వేడికి రాయిని ఆనుకున్న లేత కొమ్మలన్నీ మాడిపోయాయి. రోజూ రెండు పూటలా నీళ్ళు పోసినా దక్కలేదు.

అప్పుడు కొనడం ఆపేసి వారం రోజులు గుండును చూస్తూ కూర్చున్నాను. ఎండ ఎటు ఎంతసేపు పడుతోంది, నెర్రెలు ఎక్కడున్నాయి, పైన మట్టి నిలిచే గుంతలు ఎన్ని అని. ఉత్తరం వైపు ఎండ తక్కువ, పైన మూడు గుంతలున్నాయి, పడమర వైపు మాత్రం పెనమే.

అత్తమ్మ ఊరి నుంచి వచ్చి చూసి, "గుండు మీద నల్లేరు పెట్టు బిడ్డా, దానికి నీళ్ళతో పనేముంది" అన్నది. మహబూబ్‌నగర్ దగ్గర మా వాళ్ళ చేను గట్టు మీది రాళ్ళలో అదే పెరుగుతుంది, నాకు తట్టనే లేదు. మృగశిర వానలు పడగానే జానెడు కాడలు కోసి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, పడమర వైపు నెర్రెల్లో ఎర్రమట్టి, ఇసుక కూరి గుచ్చాం. నాలుగు పలకల కాడలోనే నీరు దాచుకుంటుంది కాబట్టి ఎండను తట్టుకుంది, నులితీగలతో నెర్రెల అంచులు పట్టుకుని పాకింది. లేత కాడలు తుంచి అత్తమ్మ పచ్చడి కూడా చేసింది. చేతులకు నూనె రాసుకుని తుంచాలి, లేకపోతే దురద. చింతపండు తప్పకుండా పడాలి.

ఉత్తరం వైపుకు నర్సరీలో వాల్ క్రీపర్ అని ఇచ్చే ఫైకస్ పుమిలా పెట్టాను. ఇది కణుపుల దగ్గర వేళ్ళు వేసి నేరుగా రాయికే అతుక్కుంటుంది, తాడు అక్కర్లేదు. మొదటి కొన్ని నెలలు కదలనట్టే ఉంటుంది, తొందరపడి పీకేయకండి. తర్వాత మాత్రం వదిలేస్తే మొత్తం కప్పేస్తుంది, ముదిరితే కొమ్మలు లావెక్కి ముందుకు పొడుచుకొస్తాయి, అందుకని రెండు నెలలకోసారి కత్తిరిస్తున్నాను.

పై గుంతల్లో మట్టి లోతు ఆరంగుళాలే కాబట్టి కిందికి వేలాడేవే సరిపోతాయి. గడ్డిగులాబీ, పర్పుల్ హార్ట్ పెట్టాను. పర్పుల్ హార్ట్‌కు ఎండ ఎంత పడితే ఊదా రంగు అంత చిక్కన. కాగితం పూలు వద్దనుకున్నాను, నీళ్ళు లేకపోయినా బతుకుతుంది నిజమే, కానీ పిల్లలు గుండు ఎక్కి ఆడతారు, ఆ ముళ్ళతో నాకు టెన్షన్.

మీ ఇంట్లో గుండు ఉంటే పువ్వు రంగు తర్వాత, ముందు ఆ తీగ దేన్ని పట్టుకుని ఎక్కుతుందో నర్సరీలో అడగండి.

తూర్పు వైపు ఏమీ పెట్టలేదు. వాన నీళ్ళు జారి నల్లటి చారలు పడిన రాయి అక్కడ కనిపిస్తుంది, పొద్దున్నే ఒక తొండ వచ్చి ఎండకు కూర్చుంటుంది. రాధామనోహరాన్ని తీసి గేటు కమాను మీదికి ఎక్కించాను, ఇప్పుడు సాయంత్రం తెల్లగా విచ్చి మర్నాటికి గులాబీ రంగుకు, తర్వాత ఎరుపుకు తిరుగుతోంది.