అరుగు మీద చెంబుడు నీళ్ళు

మా అమ్మాయి పుట్టి పెరిగింది బెంగళూరులోనే. ఐదో తరగతి చదువుతోంది. గ్రహాంతరవాసుల నౌక దిగేందుకు ఒక చోటును నమూనాగా కట్టి తెమ్మని బడిలో చెప్పినప్పుడు, ఆ అట్టముక్కల పని మా ఇంటి తెలుగు దాకా వస్తుందని నేను అనుకోలేదు.

ఇలాంటి చోట్లు నిజంగానే ఉన్నాయని ఇద్దరం కలిసి చదివి తెలుసుకున్నాం. కెనడాలోని అల్బర్టాలో సెయింట్ పాల్ అనే చిన్న పట్టణం, 1967లో దేశానికి నూరేళ్ళు నిండిన సందర్భంగా, ఒక కాంక్రీటు వేదికను కట్టింది. జూన్ 3న ఆ దేశపు రక్షణ మంత్రి పాల్ హెల్యర్ దానిని ప్రారంభించారు. వేదిక వెనుక గోడ మీద, ఒక్కొక్క ప్రావిన్సు నుంచి తెప్పించిన రాళ్ళతో కెనడా పటం పేర్చారు. 2067లో తెరవవలసిన పెట్టెను కూడా అక్కడ భద్రపరిచారు. ఫ్రాన్సులోని ఆరెస్‌లో 1976లో ఇటువంటిదే వెలిసింది. నన్ను ఆపేసింది మాత్రం సెయింట్ పాల్ పుట్టుక. అది మొదట మేతీ ప్రజల కోసం, అంటే అక్కడి ఆదివాసీ, ఐరోపా మూలాలు కలిసినవాళ్ళ కోసం ఏర్పడిన ఊరు, తరువాత ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు వచ్చి స్థిరపడ్డారు. ఎక్కడినుంచో వచ్చి కొత్తచోట నిలదొక్కుకున్నవాళ్ళకే, రాబోయేవాళ్ళ కోసం చోటు సిద్ధం చెయ్యాలన్న తలంపు కలగడం నాకు ఎంతో సహజంగా తోచింది.

అమ్మాయి స్వాగత ఫలకం మీద కన్నడంలో ఒక వరుస, ఇంగ్లీషులో ఒక వరుస రాసింది. తెలుగు ఏదని అడిగాను.

"తెలుగు మనం ఇంట్లోనే కదమ్మా మాట్లాడేది, వాళ్ళకెందుకు?" అంది.

ఆ మాటలో తప్పేమీ లేదు, అందుకే ఎక్కువ బాధ కలిగింది. తెలుగును నేను వంటగది దాటనివ్వలేదు. బంధువుల ఫోన్లకూ, అన్నం తినిపించే వేళలకూ మాత్రమే పరిమితం చేశాను.

ఆ రాత్రి తనకు వాయేజర్ అంతరిక్ష నౌకల కథ చెప్పాను. 1977లో బయలుదేరిన ఆ రెండు నౌకల్లోనూ ఒక్కొక్క బంగారు పూత రికార్డు ఉంది. వాటిలో 55 భాషల్లో పలకరింపులు ఉన్నాయి. తెలుగూ ఉంది, కన్నడమూ ఉంది. తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు చెప్పే ఆ కొద్ది క్షణాల గొంతును తను నాలుగుసార్లు పెట్టించుకుని వింది. "ఇది సూర్యుణ్ణి కూడా దాటి పోతోందా?" అని అడిగింది. గ్రహాలన్నిటినీ దాటి వెళ్ళిపోయిందని చెప్పాను.

మరునాడు తెనాలి దగ్గర మా ఊళ్ళో ఉన్న అమ్మమ్మకు తనే ఫోన్ చేసి, తెలియనివాళ్ళు వస్తే మీ ఇంట్లో ఏం చేస్తారని అడిగింది. దారినపోయేవాళ్ళు కూర్చోవడానికే వీధి అరుగు కట్టించారని, వచ్చినవాళ్ళకు ముందు కాళ్ళకు నీళ్ళిస్తారని, ఎవరు ఏమిటన్నది తరువాత అడుగుతారని మా అమ్మ చెప్పింది. "వాళ్ళకి కాళ్ళు లేకపోతేనో అమ్మమ్మా?" అంటే, "ఉన్నాయో లేవో వస్తేగానీ తెలీదుగా తల్లీ, నీళ్ళు మాత్రం ముందే పెట్టుంచు" అంది.

వెండిరంగు వేదిక పక్కన అట్టతో ఒక అరుగు లేచింది. దాని మీద బంకమట్టితో చేసిన బొటనవేలంత చెంబు పెట్టింది. ఫలకం మీద మూడో వరుసలో, ఎవరూ చెప్పకుండానే, "స్వాగతం" అని రాసింది. తలకట్లు మాత్రం బడిలో నేర్చిన కన్నడ తలకట్లే. టిక్కు పెట్టినట్టు పైకి లేవవలసిన చోట, అడ్డంగా సాగి కొసన వంగాయి. దిద్దుదామని పెన్సిలు తీసుకున్నాను. ఇంతలో పక్కింటావిడ పెరుగుకు తోడు అడగడానికి వచ్చి, ఆ వరుసను ఎక్కడా తడబడకుండా చదివి, కన్నడ "స్వాగత"కు లేని సున్నా ఇక్కడ చివర ఎందుకని కన్నడంలో అడిగింది.

"అదు తెలుగు సొన్నె, ఆంటీ" అంది మా అమ్మాయి.